ఆదివారం అమ్మకి కూడా రావాలి

మన క్లాసులో చాలామంది ఇళ్ళల్లో గల్ఫ్‌కి వెళ్ళిన మామయ్యో, అన్నయ్యో, పెళ్ళయి వెళ్ళిన అక్కో ఉంటారు. శని, ఆదివారాలు వచ్చాయంటే ఫ్యామిలీ గ్రూపులో వాళ్ళ ఫోటోలు వరసగా వచ్చి పడతాయి. పార్కులో చాప వేసుకుని కూర్చున్న ఫోటో, లైట్ల కింద పిల్లలు ఐస్‌క్రీం తింటున్న ఫోటో, రాత్రి తొమ్మిదింటికి సముద్రం ఒడ్డున నిలబడిన ఫోటో. అవి చూసి మనలో ఎవరో ఒకరు, "అది ఎడారి కదే! అక్కడే ఇన్ని ఉంటే మనూళ్ళో చూడ్డానికి ఏముంది?" అని నిట్టూరుస్తారు. ఆ మాటకి జవాబుగా ఈ వ్యాసం రాస్తున్నాను.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. మన తిరువళ్ళూరు, తిరుత్తణి చుట్టుపక్కల చోట్లు తక్కువ కాదు. తక్కువైంది సరైన వేళ, నీడ, తాగే నీళ్ళు, బాత్రూమ్. వీటన్నిటికంటే తక్కువైంది ఇంకొకటి ఉంది. ఇంటిల్లిపాదీ బయల్దేరిన రోజున అమ్మకి సెలవు ఉండదు. అమ్మకి సెలవు లేని షికారుని 'ఫ్యామిలీ ట్రిప్' అని ఎలా అంటామో నాకు అర్థం కాదు.

ముందు ఎండ సంగతి చూద్దాం. ఎడారి ఊరు అని దుబాయిని అంటాం గానీ, ఏప్రిల్, మే నెలల్లో మనది మాత్రం ఏం తక్కువ? వేసవిలో సాయంత్రం వార్తల్లో తమిళనాడులో ఏ ఊళ్ళో ఎంత ఎండ కాసిందో చదువుతారు కదా. అందులో వేలూరు పక్కనే తిరుత్తణి పేరు వస్తుంది. 40 డిగ్రీలు దాటడం మనకి వింత కాదు. తేడా ఏమిటంటే, ఎడారి ఊళ్ళో వాళ్ళు "మాది ఎండ ఊరు" అని ఒప్పుకుని దానికి తగ్గట్టు ఏర్పాట్లు చేసుకున్నారు. మనం మాత్రం ఎండ లేనట్టే ప్లాన్ వేసి, ఎండలో పడి తిరిగి, రాత్రికి తలనొప్పి మాత్ర వేసుకుంటాం.

దుబాయిలో గ్లోబల్ విలేజ్ అని పెద్ద తిరునాళ్ళలాంటిది ఒకటి ఉంది. అది ఏడాది పొడుగునా ఉండదు. అక్టోబరులో తెరిచి, ఎండలు ముదిరే వేళకి మూసేస్తారు. గేట్లు తెరిచేదే సాయంత్రం. మంగళవారాలు కుటుంబాలకీ ఆడవాళ్ళకీ అని విడిగా పెట్టారు. పూలతో నింపిన మిరాకిల్ గార్డెన్ కూడా వేసవిలో మూతే. బయట పని చేసే కూలీల చేత జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడ నియమం ఉంది. 2022 జనవరి 1 నుంచి ప్రభుత్వ ఆఫీసులకి శుక్ర, శనివారాల సెలవు తీసేసి శని, ఆదివారాలు ఇచ్చారు. శుక్రవారం సగం పూటే పని. అంటే అక్కడ ఏ రోజు, ఏ నెల, ఏ గంట అన్నది ముందు ఆలోచించి, ఆ తరవాత చోటు సంగతి చూస్తున్నారు.

ఇది ఎవరో కొత్తగా మనకి నేర్పాల్సిన పాఠం కాదు. మన పెద్దవాళ్ళు ఎప్పుడో చేసి పెట్టారు. కార్తీకమాసంలో వనభోజనాలు అంటాం. ఎండలు పోయి, చలి ఇంకా ముదరని రోజులు అవి. ఉసిరి చెట్టు కింద కూర్చోమన్నారు, అంటే నీడ కుదిరింది. తోటలో, చెరువు దగ్గర అన్నారు, అంటే నీళ్ళు కుదిరాయి. అందరూ కలిసి వండుకుని కలిసి తినమన్నారు, అంటే పని ఒక్కరి నెత్తిన పడలేదు. నెల, నీడ, నీళ్ళు, పని పంపకం, నాలుగూ ఒక్క ఆచారంలో ఇమిడిపోయాయి. దాన్ని పుణ్యం లెక్కలోనే చూసి, అందులో ఉన్న తెలివిని మనం మర్చిపోయాం.

మన తమిళ స్నేహితురాళ్ళ ఇళ్ళల్లో ఆడిపెరుక్కు ఉంది. ఆడి నెల 18వ రోజున చిత్రాన్నాలు రకరకాలుగా చేసుకుని ఏటి ఒడ్డుకి పోతారు. కాణుమ్ పొంగల్ ఉంది. ఆ రోజు ఇంట్లో కూర్చున్నవాళ్ళే ఉండరు. మా ఇంట్లో రెండు భాషలూ ఉన్నాయి కాబట్టి ప్రతి జనవరిలో ఒక తమాషా జరుగుతుంది. అవ్వ "కనుమనాడు కాకైనా కదలదు" అంటుంది. మిగతావాళ్ళు "పొంగల్‌కి బయటికి పోకపోతే ఎట్లా?" అంటారు. నిజానికి గొడవే లేదు. మన కనుమ అంటే వాళ్ళకి మాట్టుపొంగల్, మన ముక్కనుమ అంటే వాళ్ళకి కాణుమ్ పొంగల్. కనుమనాడు కదలకుండా ఉండి, మర్నాడు బయల్దేరితే అవ్వ మాటా దక్కుతుంది, షికారూ దక్కుతుంది. ఒకరోజు విశ్రాంతి, ఒకరోజు తిరుగుడు. ఇంతకంటే మంచి వారాంతం ఏ నగరం కనిపెట్టింది?

ఇంక "మనూళ్ళో ఏముంది" అన్న మాట. తిరుత్తణి కొండ ఉంది. మెట్లు 365, ఏడాదికి ఎన్ని రోజులో అన్ని. తిరువళ్ళూరులో వైద్య వీరరాఘవస్వామి గుడి, హృత్తాపనాశిని కోనేరు ఉన్నాయి. అమావాస్యనాడు ఎక్కడెక్కడి నుంచో వచ్చి కోనేట్లో బెల్లం కలిపి మొక్కు తీర్చుకుంటారు. లోకల్ ట్రైన్ ఎక్కితే తిరువాలంగాడు ఉంది. నటరాజస్వామి అయిదు సభల్లో రత్నసభ అదే. సరిహద్దు దాటితే నారాయణవనం దగ్గర కైలాసకోన జలపాతం ఉంది.

పూండి ఉంది. మద్రాసు మేయరుగా ఉండి ఈ జలాశయం కోసం పాటుపడిన సత్యమూర్తి పేరే దానికి పెట్టారు, కట్టి ముగించింది 1944లో. 1983లో కుదిరిన తెలుగుగంగ ఒప్పందం వల్ల శ్రీశైలం నుంచి సోమశిల, కండలేరు మీదుగా కృష్ణమ్మ వచ్చి చేరేది ఇక్కడికే. మొదటిసారి నీళ్ళు వచ్చింది 1996లో. పూండికి దగ్గర్లో అత్తిరంపాక్కం అనే చిన్న ఊరు ఉంది. 1863లోనే రాబర్ట్ బ్రూస్ ఫూట్, విలియం కింగ్ అక్కడ ఆదిమానవుల రాతి పనిముట్లు కనిపెట్టారు. మన కాలంలో అక్కడ తవ్వకాలు నడిపించిన శాంతి పప్పు బృందం, అవి దాదాపు 15 లక్షల సంవత్సరాల నాటివని 2011లో ప్రకటించింది. 15 లక్షల ఏళ్ళ కింద మనుషులు ఏరుకుని వచ్చి కూర్చున్న చోటికి మనం ఆదివారం పూట పోలేకపోతున్నాం. మరి ఇది చోట్ల కొరత ఎలా అవుతుంది?

అసలు కొరత ఎక్కడుందో తెలియాలంటే షికారు రోజున అమ్మ దినచర్య గంటల వారీగా రాసి చూడండి. పొద్దున ఏడింటికి అందరం బయల్దేరాలంటే అమ్మ నాలుగింటికి లేవాలి. పులుసన్నం, పెరుగన్నం కలిపి డబ్బాలకి సర్దాలి. మనం ఇంట్లో పులుసన్నం అన్నా, పక్కింటివాళ్ళు పుళిసాదం అన్నా చింతపండు పిసికేది మాత్రం అమ్మే. చిన్నపిల్లలుంటే పాల ఫ్లాస్కు, తాతకి మందులు, అందరికీ నీళ్ళ సీసాలు, ఒక పాత దుప్పటి, ప్లేట్లు, చెంచాలు. గ్యాస్ కట్టేశామా, తాళం వేశామా అన్నది కూడా ఆమే చూడాలి. అక్కడికి వెళ్ళాక మనం ఫోటోలు తీసుకుంటాం, అమ్మ వడ్డిస్తుంది. మనం నీళ్ళల్లో దిగుతాం, అమ్మ సంచుల దగ్గర కాపలా కూర్చుంటుంది. సాయంత్రం ఇంటికి రాగానే "అబ్బా, బాగా అలిసిపోయాం" అని అందరూ ఫ్యాన్ కింద పడుకుంటారు. అమ్మ అంట్లు వేసుకుని కూర్చుంటుంది. తరవాత రాత్రికి ఏం చెయ్యాలని అడుగుతుంది.

ఇది ఒక్క ఇంటి కథ కాదని లెక్కలు కూడా చెబుతున్నాయి. కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్ళు రోజుకి 289 నిమిషాలు పెడుతుంటే, ఆ పని చేసే మగవాళ్ళు పెట్టేది 88 నిమిషాలు. అంటే మూడింతలకి పైనే. ఇంటిపనిలో అసలు చెయ్యి పెట్టని మగవాళ్ళు ఈ సగటు లెక్కలోకి కూడా రారు. ఆ 289 నిమిషాలు ఆదివారం తగ్గవు. షికారు ఉంటే ఇంకా పెరుగుతాయి. అంటే మిగతావాళ్ళు ఎంత హాయిగా తిరిగితే అమ్మకి అంత ఎక్కువ పని అన్నమాట.

ఇక్కడ గుడి గురించి ఒక మాట అనాలి. మా వయసు వాళ్ళు "ఎప్పుడు చూసినా గుడేనా?" అని విసుక్కుంటారు. అమ్మలు మాత్రం షికారు అంటే గుడే అంటారు. భక్తి ఉంది, కాదనను. కానీ దానితోపాటు ఇంకో కారణం ఉందని నాకు అనిపిస్తుంది. ఆలోచించి చూడండి. గుళ్ళో మండపం ఉంటుంది, నీడకి ఎవరూ డబ్బులు అడగరు. తాగడానికి నీళ్ళు ఉంటాయి. కాళ్ళు చాపుకుని స్తంభానికి ఆనుకుని కూర్చుంటే "ఒక్కదానివే ఎందుకు కూర్చున్నావ్?" అని ఎవరూ అడగరు. పెద్ద గుళ్ళల్లో మధ్యాహ్నం అన్నదానం ఉంటుంది. ఆ పంక్తిలో అమ్మ కూర్చుంటుంది, ఇంకెవరో వడ్డిస్తారు. అమ్మ కూర్చుని వేడి అన్నం తినే రోజులు ఏడాదిలో ఎన్ని ఉంటాయో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పైగా గుడికి పోతానంటే ఇంట్లో కాదనేవాళ్ళు ఉండరు. "చెరువు కట్ట మీద ఊరికే కూర్చుని వస్తాను" అంటే మాత్రం నలుగురూ వింతగా చూస్తారు. కాబట్టి గుడికే ఎందుకు అని అమ్మని అడగడం కంటే, గుళ్ళో ఉన్న నీడ, నీళ్ళు, మర్యాద బయట ఎందుకు లేవని ఊరిని అడగడం న్యాయం.

తిరువాలంగాడు అనగానే కారైక్కాల్ అమ్మైయార్ గుర్తుకు వస్తుంది. అరవై ముగ్గురు నాయనార్లలో స్త్రీలు ముగ్గురే, అందులో ఆమె ఒకరు. ఆమె కథ తమిళం చదువుకున్న మన స్నేహితురాళ్ళందరికీ తెలుసు. భర్త వదిలేశాక ఆమె తన అందాన్ని వద్దనుకుని, శివుడిని పేయి రూపం, అంటే దయ్యం రూపం ఇమ్మని అడిగింది. ఆ రూపంతోనే కైలాసానికి వెళ్ళి, చివరికి తిరువాలంగాడుకి వచ్చి స్వామి నాట్యం చూస్తూ ఉండిపోయింది. భక్తికథగానే విన్నాం ఇన్నాళ్ళూ. కానీ ఆడపిల్లగా చదివితే ఇంకొకటి కూడా తోస్తుంది. ఒక స్త్రీ ఒంటరిగా, తనకి ఇష్టమైన చోటికి, తనకి ఇష్టమైనంత సేపు పోవాలంటే ఆ కాలంలో దయ్యంగా మారాల్సి వచ్చింది. ఈ కాలంలోనైనా మనుషుల్లాగే పోగలగాలి కదా.

మనుషుల్లా పోవాలంటే మొదట కావల్సింది బాత్రూమ్. ఈ మాట గోడపత్రికలో రాయొచ్చా అని కొందరు అనుకోవచ్చు. రాయాలనే అంటాను. బయటికి పోయే రోజున మన అమ్మలు, అక్కలు, మనమే కూడా పొద్దున్నించి నీళ్ళు తాగం. దాహం లేక కాదు, తాగితే ఎక్కడికి పోవాలన్న భయంతో. 40 డిగ్రీల ఎండలో నీళ్ళు తాగకుండా రోజంతా తిరిగితే ఏమవుతుందో సైన్స్ గ్రూపు వాళ్ళని అడగండి, చెబుతారు. మగవాళ్ళకి ఈ లెక్క తెలియదు, ఎందుకంటే వాళ్ళకి ఏ చెట్టయినా చాలు. అందుకే చోటు ఎంపిక చేసేటప్పుడు వాళ్ళు "వ్యూ బాగుంటుందా?" అని అడుగుతారు, మనం మనసులో "బాత్రూమ్ ఉంటుందా?" అని అడుగుతాం. ఆ రెండో ప్రశ్న పైకి అడగనంతకాలం జవాబు కూడా రాదు.

రెండోది భద్రత. మన జిల్లాలోనే పళవేర్కాడు ఉంది. మనం పులికాట్ అంటాం. చలికాలంలో రాజహంసలు వచ్చే సరస్సు, మన తమిళనాడుకీ ఆంధ్రకీ ఉమ్మడి ఆస్తి. 2011 డిసెంబర్ 25న, క్రిస్మస్ సెలవు రోజున, అక్కడ ఒక పడవ మునిగి ఇరవైమందికి పైగా చనిపోయారు. కుటుంబంగా సరదాకి వచ్చినవాళ్ళు, అందులో ఆడవాళ్ళు, పిల్లలు ఉన్నారు. సరదా ప్రాణం మీదికి రాకూడదంటే పడవలో ఎంతమంది ఎక్కాలి, అందరికీ లైఫ్ జాకెట్ ఉందా అని అడిగే అలవాటు మనకే రావాలి. "పరవాలేదు, పట్టేస్తుంది, ఎక్కండి" అన్న మాట వినపడితే దిగిపోవడం పిరికితనం కాదు.

మూడోది బస్సు. ఇక్కడ సంతోషించాల్సిన సంగతి ఉంది. 2021 మే నుంచి తమిళనాడులో సాధారణ టౌన్ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్ లేదు. తెలంగాణలో 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం కింద, ఆంధ్రలో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పేరుతో ఉచిత ప్రయాణం మొదలైంది. చార్జీకి ఎవరి దగ్గరా చెయ్యి చాచక్కర్లేకుండా అమ్మ బస్సెక్కగలగడం చిన్న విషయం కాదు. కానీ మనలాంటి సరిహద్దు ఊళ్ళవాళ్ళకి ఒక చిక్కు ఉంది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతం ఆంధ్ర నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. గీత మారింది గానీ చుట్టరికాలు మారలేదు. మన అత్తలు, పిన్నమ్మలు నగరిలో, పుత్తూరులో ఉన్నారు. ఇక్కడి ఉచితం టౌన్ బస్సుకే, అక్కడి ఉచితం రాష్ట్రం దాటే బస్సుకి వర్తించదు. అక్కచెల్లెళ్ళిద్దరికీ ఉచిత బస్సు ఉన్నా ఒకరింటికి ఒకరు పోవాలంటే టికెట్ కొనాల్సిందే. రెండు ప్రభుత్వాలూ కూర్చుని ఈ కొద్ది కిలోమీటర్ల సంగతి మాట్లాడుకుంటే, మనలాంటి ఎన్నో కుటుంబాలకి వారాంతం దానంతట అదే వచ్చేస్తుంది. కృష్ణ నీళ్ళకి కుదిరిన ఒప్పందం అక్కచెల్లెళ్ళకి ఎందుకు కుదరకూడదు?

ఇదంతా చదివి కొందరు ఒక అభ్యంతరం చెబుతారు. "అమ్మకి వండిపెట్టడంలోనే సంతోషం. బయట కొన్నది ఆమెకి నచ్చదు. నువ్వు లేనిపోనిది కల్పించకు" అని. ఇందులో సగం నిజమే. మన అమ్మ చేసిన పులుసన్నం చెరువు గట్టున తింటే ఆ రుచే వేరు, ఆమెకీ గర్వమే. కానీ సంతోషంగా చేసే పనికి కూడా అలుపు ఉంటుంది. పాట పాడేవాళ్ళకి పాటంటే ఎంత ఇష్టమైనా గొంతుకి విశ్రాంతి ఇవ్వరా? అయినా, "నీకేం ఇష్టం?" అని అడిగితే అమ్మ "మీరంతా తింటే చాలు" అంటుంది. అది జవాబు కాదు. ఆ ప్రశ్న ఎవరూ అడగక అలవాటు తప్పిపోయినవాళ్ళు చెప్పే మాట. ఒకసారి అడిగి వదిలేయకుండా మళ్ళీ అడగాలి. "నువ్వు వండకుండా ఉంటే ఎక్కడికి పోదాం?" అని అడిగి చూడండి. చాలా ఇళ్ళల్లో జవాబు రావడానికి కాస్త టైమ్ పడుతుంది.

ఇంకో సంగతి. ఆదివారం సెలవు ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. బొంబాయి బట్టల మిల్లుల్లో వారానికి ఏడు రోజులూ పని చేయించేవాళ్ళు. నారాయణ్ మేఘాజీ లోఖండే అనే ఆయన కార్మికులని కూడగట్టి ఏళ్ళ తరబడి అడిగితే, 1890 జూన్ 10న ఆదివారం సెలవు వచ్చింది. అంతకుముందు ఏప్రిల్‌లో జరిగిన పెద్ద సభలో ఇద్దరు కార్మిక స్త్రీలు కూడా లేచి మాట్లాడారు. అంటే ఆదివారాన్ని అడిగి తెచ్చుకున్నవాళ్ళలో ఆడవాళ్ళు ఉన్నారు. మిల్లులో సెలవు దొరికింది. ఇంటికి వచ్చాక పొయ్యి దగ్గర మాత్రం దొరకలేదు.

ఆ ఎడారి ఊళ్ళ ఫోటోల్లో కనపడనివాళ్ళ గురించి కూడా చెప్పకపోతే తప్పవుతుంది. మన కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఎంతోమంది ఆడవాళ్ళు గల్ఫ్ దేశాలకి ఇంటిపనికి పోయారు. ఎవరి పిల్లలనో పార్కులో ఆడిస్తూ, తమ పిల్లలని ఫోన్లో చూసుకుంటారు. ఎమిరేట్స్‌లో ఇంటి పనివాళ్ళకి వారానికి ఒకరోజు సెలవు ఇవ్వాలని 2017లో చట్టం చేశారు. అది ప్రతి గడపలోనూ అమలు కావాలని కోరుకుందాం. కానీ నాకు తట్టింది ఇంకొకటి. జీతానికి పని చేసే మనిషికి వారానికి ఒకరోజు సెలవు ఉండాలని చట్టాలు ఒప్పుకున్నాయి. జీతం లేకుండా చేసే మన అమ్మకి ఆ ఒక్కరోజు ఎవరు రాసివ్వాలి? దానికి చట్టం అక్కర్లేదు, ఇంట్లో మనం నలుగురం అనుకుంటే చాలు.

అందుకని నా సూచనలు ఇవి. పెద్ద ఖర్చు లేనివే రాస్తున్నాను.

ఊరి పెద్దలని, మునిసిపాలిటీని అడగాల్సినవి: ప్రతి చెరువు గట్టు మీదా, ప్రతి పార్కులోనూ నాలుగు చింతచెట్లో వేపచెట్లో, ఒక నీళ్ళ కుళాయి, తాళం వెయ్యని ఒక లేడీస్ బాత్రూమ్, సాయంత్రం వెలిగే లైట్లు. ఎండ ఊరికి సాయంత్రమే షికారు వేళ కాబట్టి లైట్లు లేని పార్కు ఉన్నా లేనట్టే. హైదరాబాదులో 2021లో ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రాలు బండ్లు ఆపేసి, రోడ్డంతా జనానికి వదిలేశారు. 'సండే ఫన్‌డే' అని పేరు. దానికి కొత్తగా భవనం కట్టలేదు, టికెట్ పెట్టలేదు. ఉన్న రోడ్డునే కొన్ని గంటలు మనుషులకి ఇచ్చారు. మన ఊళ్ళో కూడా ఒక వీధి, నెలకి ఒక్క సాయంత్రం అడిగితే తప్పేముంది?

ఇంట్లో మనం చెయ్యాల్సినవి: వేసవిలో షికారు అంటే తెల్లవారుజామున గానీ, అయిదు దాటాక గానీ. కొండ ఎక్కాలంటే మెట్లు చల్లగా ఉన్నప్పుడే. మిట్టమధ్యాహ్నం చెప్పుల్లేని కాళ్ళతో అమ్మని, అవ్వని నడిపించొద్దు. తిండి విషయంలో రెండే దారులు. అందరూ కలిసి చేసి తీసుకుపోవాలి, లేదంటే దారిలో ఇడ్లీ కొనుక్కోవాలి. సంచుల దగ్గర కాపలా వంతులవారీగా. ఇంటికి వచ్చాక అంట్లు నాన్న, అన్నదమ్ములు తోముతారు. ఈ చివరి మాట చదివి నవ్వుతున్నవాళ్ళు, ఎందుకు నవ్వొచ్చిందో ఒక్క నిమిషం ఆలోచించండి.

మన డిపార్ట్‌మెంట్‌లో చెయ్యగలిగింది ఒకటుంది. వచ్చే కార్తీకమాసంలో ఒక ఆదివారం వనభోజనం పెట్టుకుందాం. పూండి గట్టో, తిరువాలంగాడో, మేడమ్‌లు ఎక్కడంటే అక్కడ. ప్రతి అమ్మాయీ తన అమ్మనో, అవ్వనో, అత్తనో పిలుచుకు రావాలి. తెలుగు అమ్మలూ, తమిళ అమ్మలూ ఇద్దరూ రావాలి. షరతు ఒక్కటే, వాళ్ళు చేతులూపుకుంటూ రావాలి. డబ్బా తేకూడదు, సంచి మొయ్యకూడదు, వడ్డించకూడదు. వంట మనం చేద్దాం. ఉప్పు ఎక్కువైతే ఎక్కువవుతుంది, పరవాలేదు. వాళ్ళు ముందు తింటారు, మనం తరవాత తింటాం. తిన్నాక చెట్టు కింద కునుకు తీస్తారో, కబుర్లు చెప్పుకుంటారో, గట్టు వెంట ఒక్కరే నడుచుకుంటూ పోతారో వాళ్ళ ఇష్టం. ఎవరూ వెనకనించి పిలవొద్దు.

దీనికి ఒప్పుకునేవాళ్ళు ఈ గోడపత్రిక కింద కట్టిన కాగితం మీద పేరు రాయండి. మీ పేరు పక్కనే మీతో వచ్చే మీ అమ్మ పేరు కూడా రాయండి. 'అమ్మ' అని రాసి వదిలేయొద్దు. ఆవిడకి ఒక పేరు ఉంది కదా, అదే రాయండి.